ఆగితేనే నడక!

'ఆ కుక్కని ముందు ఎవరికైనా ఇచ్చెయ్యండ్రా!'

విజయవాడ నుంచి అక్క ఫోను. ఆమె కోపంలో న్యాయం ఉంది. అంతకు రెండు గంటల ముందే నాన్న ఎడమ మణికట్టుకి సిమెంటు కట్టు వేయించుకుని ఇంటికొచ్చారు. కారణం మా చిట్టి. వయసు 5 నెలలు, బరువు 9 కిలోలు. వీధి చివర చికెన్‌ కొట్టు వాసన తగలగానే ఒక్క గుంజు గుంజింది. తాడు నాన్న కాళ్లకి చుట్టుకుంది. అంతే!

ఇచ్చెయ్యడం ఎంతసేపు? కానీ అమ్మ పోయాక ఏడాదిపాటు నాన్న గుమ్మం దాటింది లేదు. పేపరు, టీవీ, పడక్కుర్చీ... వానకి తడిసి మా స్కూటరు కింద దూరిన ఈ వీధికుక్క పిల్ల ఇంట్లోకి వచ్చాకే ఆయన మళ్లీ చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. చిట్టి వెళ్లిపోతే ఆ చెప్పులు తిరిగి స్టాండులోకే. కట్టు 6 వారాలు ఉంచాలన్నారు డాక్టరు. 'ఆ 6 వారాలూ నాకివ్వక్కా' అని అడిగేశాను. కుక్కకి నడక నేర్పడం ఎలాగో నాకేం తెలుసని!

ఆఫీసులో నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. లాగితే మెడకి బిగుసుకునే గొలుసు కొనమన్నారొకరు. లాగేకొద్దీ సాగే రీలు తాడు తెమ్మన్నారు ఇంకొకరు. చిట్టికి టీకాలు వేసిన పశువుల డాక్టరు రెండూ వద్దన్నారు. మొదటిదానివల్ల గొంతుకి దెబ్బ. రెండోదయితే 'లాగు, ఇంకాస్త దొరుకుతుంది' అని కుక్కకి తనే పాఠం చెబుతుందట! ఛాతీకి తొడిగే హార్నెస్‌, ఆరడుగుల మామూలు తాడు చాలన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే నన్ను ఇరుకున పెట్టింది.

'అది గుంజినప్పుడు మీరేం చేస్తారు?'

'వెనకాలే వెళ్తాం.'

'మరి గుంజడం నేర్పింది మీరేగా!'

నిజమే. కుక్క మామూలు నడకే మనకంటే వేగం. పైగా గుంజిన ప్రతిసారీ చికెన్‌ కొట్టు దగ్గరవుతుంటే అది ఎందుకు మానుతుంది? విరుగుడు ఒకటే. తాడు బిగిసిందంటే ఉన్నచోటే స్తంభంలా నిలబడిపోవాలి. తిట్టకూడదు, వెనక్కి లాగకూడదు. అది తిరిగి చూసి, తాడు వదులైన క్షణంలో మళ్లీ నడవాలి. పక్కన నడిచినంతసేపూ మన కాలి దగ్గరే ఓ ముక్క అందిస్తుండాలి. ఉప్పూ కారం, ఉల్లిపాయ తగలకుండా ఉడికించిన చికెన్‌, చిటికెనవేలి గోరంత ముక్కలు.

మొదటి వారం హాల్లో, ఆ తర్వాత డాబా మీద. ఒక్కోసారి 5 నిమిషాలే. అక్కడ చిట్టి పరమ బుద్ధిమంతురాలు! వీధిలో అడుగుపెట్టాక తెలిసొచ్చింది. మా గేటు నుంచి కరెంటు స్తంభం దాకా ముప్ఫై అడుగులుంటుందేమో, 20 నిమిషాలు పట్టింది. 'ఇక్కడ రెండో స్తంభం ఎప్పుడు పాతారు సార్‌?' అన్నాడు ఎదురింటి వాచ్‌మన్‌. కుక్కలకోసమే 2018లో కొండాపూర్‌లో పార్కు తెరిచారు గానీ, మా రామంతాపూర్‌కి అది ఊరి ఆ చివర. అయినా నాన్న నడవాల్సింది ఈ వీధిలోనే కదా.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మేం ఎన్నిసార్లు ఆగామో నోటుబుక్కులో రాసేవారు. మొదటిరోజు 43. వారం తిరిగేసరికి 26. హమ్మయ్య అనుకుంటుండగా మళ్లీ 39!

'మావయ్యగారిని అడగండి' అంది మా ఆవిడ.

నేను ఆఫీసుకెళ్లాక మంచి చేత్తో తాడు పట్టుకుని, చిట్టి ఎటు లాగితే అటు, ఇడ్లీ బండి దాకా వెళ్లొస్తున్నారట. 'చిన్నపిల్లరా పాపం, పొద్దంతా ఆపితే ఎలా?' అన్నారు. 'మళ్లీ పడితే?' అని అరిచాను. నాన్న మీద నేనెప్పుడూ అంత గట్టిగా అరిచింది లేదు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు.

రాత్రి నేనే వెళ్లి కూర్చున్నాను. ప్రతిసారీ దక్కేదానికంటే ఎప్పుడో ఒకసారి దక్కేదే అలవాటుని మొండిగా నిలబెడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కినర్‌ పావురాలతో ప్రయోగాలు చేసి చూపించాడు. అది ఆయనకి అర్థమయ్యే లెక్కలో చెప్పాను. పదిసార్లు ఆపి ఒక్కసారి వదిలితే, ఆ ఒక్కసారి కోసం చిట్టి ఇంకో పదిసార్లు గుంజుతుంది.

'లాటరీ టిక్కెట్టన్నమాట' అన్నారు నాన్న.

మర్నాటి నుంచి ఆయనే కఠినం. ఆఫీసు టైమవుతోందని నేను ఒకటి రెండుసార్లు తాడు బిగిసినా నడిచేస్తే, గేటు దగ్గర్నుంచే కేక! ఒక్క వేపచెట్టు దగ్గర మాత్రం మినహాయింపు. వదులు తాడుతో అక్కడిదాకా వస్తే తనివితీరా వాసనలు చూసుకోవచ్చు. కుక్కకి అదీ బహుమతే. తొందరపడితే 'దాని పేపరు అది చదువుకోనీరా' అనేవారు.

కట్టు విప్పిన మర్నాడు తెల్లవారుజామున నాన్న కుడిచేత్తో తాడు పట్టుకున్నారు. నేను పదడుగుల వెనక. చికెన్‌ కొట్టు షట్టరు అప్పుడే లేస్తోంది. చిట్టి చెవులు నిక్కాయి. తాడు బిగిసింది. నాన్న ఆగారు. నా గుండె ఓసారి ఆగింది. చిట్టి షట్టరు వంక చూసింది, నాన్న వంక చూసింది. మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. నాన్న లాల్చీ జేబులోంచి ముక్క తీశారు.

ఇంటికొచ్చాక నోటుబుక్కు చూశాను. 6 అని ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో, 'ఇందులో 2 నావి. ఇడ్లీ బండి దగ్గర.'

ఆ పేజీని ఫొటో తీసి అక్కకి పంపాను.