ఆకు రాలే కాలములో ఒక నడక

మన విశ్వాసుల ఇళ్లలో గోడకు వేలాడే వాక్యపు క్యాలెండరు చూడండి. ఏదో ఒక నెలలో తప్పక చలిదేశపు అడవి బొమ్మ ఉంటుంది. చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మెరుస్తుంటాయి. కింద ఒక వాక్యము అచ్చువేసి ఉంటుంది. ఆ దేశాలలో చలి ముదరక ముందు, అక్టోబరు, నవంబరు నెలల్లో, ఆకులు అలా రంగు మారి రాలుతాయి. దేవుడు మన చెట్లకు ఆ అందము ఇవ్వలేదా? మా సంఘము క్యాలెండరులో మన అడవి బొమ్మే వేయాలని ఆశపడి, ఫోను చేతపట్టుకుని నడక మొదలుపెట్టాను.

మేముండేది మార్కాపురం నుండి దోర్నాల వెళ్లే వైపు, నల్లమల అంచున. ఈ అడవిని 1983లో పులుల రక్షణ కేంద్రముగా ప్రకటించారు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోరాదు. అందుచేత పొలాల చివర బండిబాటలోనే మా నడక. నాకు తోడు మా సంఘ పెద్ద. డెబ్బై దాటినవాడు. పిల్లలకు ముప్పై ఏండ్లు సండే స్కూలు నడిపినవాడు. ఏ చెట్టు ఏదో ఆయనే చెప్పేవాడు.

మన దగ్గర ఆకు రాలేది చలికి కాదు, నీటి కరువుకు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నేలలో తడి తగ్గుతుంది. ఆకుల గుండా నీరు ఆవిరైపోతుంది గనుక చెట్టు ఆకు రాల్చి ప్రాణము కాపాడుకుంటుంది. టేకు ఆకులు విస్తరాకంత వెడల్పువి. గోధుమ రంగుకు తిరిగి పెద్ద చప్పుడుతో పడతాయి. మోదుగ ఆకు రాల్చి, బోసికొమ్మల నిండా నిప్పుకణికల వంటి పూలు పూస్తుంది. ఊళ్లోకి వస్తే మందిరము ముందున్న బాదం చెట్టు చాలు. దాని ఆకు రాలబోయే ముందు కుంకుమ రంగు తిరుగుతుంది.

మొదట్లో నేను మిట్టమధ్యాహ్నము నిలబడి కింద పడిన ఆకులను తీశాను. బొమ్మలన్నీ తెల్లగా పాలిపోయి వచ్చాయి. పెద్దాయన నవ్వి, ఒక టేకు ఆకు తీసి ఉదయపు ఎండకు అడ్డముగా పట్టుకున్నాడు. వెలుగు ఆకులోనుండి దూరి వచ్చింది. ఈనెలన్నీ కనబడ్డాయి. ఆ రోజు మంచి బొమ్మ దొరికింది.

తిరిగి నడుస్తుండగా ఆయన అన్నాడు: "అయ్యగారూ, ఎండుటాకులన్నీ తీస్తన్నారు గదా, ఈ ఎండుటాకును గూడా ఒకటి తీయండి." నేను బాదం చెట్టు మీది వెలుతురు పోతుందేమోనన్న తొందరలో ఉన్నాను. "రేపు తీస్తాలే తాతా" అన్నాను. ఆ రేపు ఎన్నోసార్లు వచ్చింది, నేను తీయలేదు. వానాకాలములో ఆయన ప్రభువునందు నిద్రించాడు. సమాధి కార్యక్రమానికి ఫోటో కోసము ఇల్లంతా వెదికారు. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ ఒక్కటే దొరికింది. దానినే పెద్దది చేయించారు. నా ఫోనులో మూడు వందలకు పైగా ఆకుల బొమ్మలున్నాయి. ప్రసంగము చేస్తూ నేను ఆ బొమ్మ వైపు చూడలేకపోయాను.

తరువాత ఆకును గూర్చి ఒక సంగతి చదివాను. ఆకు ఊరికే ఎండి పడిపోదు. రాలకముందు తనలో ఉన్న పచ్చదనము విడగొట్టి, అందులోని సత్తువను చాలామట్టుకు చెట్టుకు తిరిగి పంపుతుంది. పచ్చదనము పోయినందున, లోపల మొదటినుండి ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. ఆ తరువాతే కాడ మొదట్లో పొర ఏర్పడి తెగిపోతుంది. చెట్టు ఆ సత్తువను దాచుకుని కొత్త చిగురుకు పెడుతుంది.

యెషయా 64:6లో ప్రవక్త మనలను వాడిన ఆకుతో పోల్చాడు. అది మన పాపమును గూర్చిన మాట, నిజమే. కానీ 92వ కీర్తన ముసలితనములోనూ ఫలించే నీతిమంతులను గూర్చి చెబుతుంది. మా పెద్దాయన అట్టివాడు. ఆయన నేర్పిన పిల్లలే నేడు మా సంఘములో పాటలు నడిపిస్తున్నారు, వారి పిల్లలకు వాక్యము చెబుతున్నారు. రాలకముందే తన సత్తువంతా చెట్టుకు ఇచ్చి వెళ్లాడు.

ఆయన భార్య నన్నడిగితే ఫోనంతా వెదికాను. ఆ టేకు ఆకు బొమ్మ అంచున, కాడ పట్టుకున్న ఆయన వేళ్లు పడ్డాయి. అదే అచ్చువేయించి ఇచ్చాను. ఆమె ఆ వేళ్లను తడిమి, "ఆయన చెయ్యే అయ్యగారూ" అన్నది. మా సంఘము క్యాలెండరులో మార్చి నెల బొమ్మ అదే.

ప్రియ చదువరీ, మీ ఇంటి అరుగు మీద కూర్చున్న తల్లిదండ్రులను, తాతయ్యలను, అమ్మమ్మలను ఈ ఆదివారమే ఒక ఫోటో తీయండి. ఉదయపు వెలుగులో తీయండి. తీసి వెంటనే లేచిపోక, వారి పక్కన కాసేపు కూర్చోండి. వారివ్వవలసినది ఇంకా ఉంటుంది. పుచ్చుకునే మనసు ప్రభువు మనకు దయచేయును గాక.