పినపాకలో ఒక రాత్రి

మణుగూరు బొగ్గు గనులు దాటాక పినపాక దారంతా అడవిగాలే. కిందటి వానాకాలం అక్కడ మా తమ్ముడింట్లో దిగాను. సాయంత్రం వాడి కుక్క రాజు గడ్డివాము దగ్గర్నుంచి తూలుతూ వచ్చి కూలబడింది. మూతి వాచింది.

"కందిరీగ కుట్టుంటుంది. పొద్దున చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

పొరుగింటి కోయ తాత దాని పెదవి ఎత్తి, పాలిపోయిన చిగుళ్ళు చూపించాడు. "పొద్దుటిదాకా ఉండదయ్యా. పింజర కరిచింది."

ఆటోలో మణుగూరు పరుగెత్తాం. విరుగుడు ఇంజక్షను ఇచ్చాక పశువుల డాక్టరు చెప్పారు: చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబిరంగు తిరిగి రావాలట. రాకపోయినా, ఎగశ్వాస పుట్టినా, కడుపు ఉబ్బినా, లేవలేకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదట. కాటును కోయడం, తాడు బిగించడం అసలే కూడదట.

మూడోనాడు నేను బస్సెక్కుతుంటే రాజు తోక ఊపుతూ వచ్చింది. తమ్ముడు మాత్రం దాని ముఖంలోకి చూడలేకపోయాడు.