మొద్దుబారిన బ్లేడు



2025 సెప్టెంబరులో మా అమ్మాయి దగ్గరకు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి వెళ్ళాము. 1842లో గుంటూరు చేరిన హయ్యరు దొరగారిని పంపినది ఆ ప్రాంతపు లూథరన్ సంఘమే. అందుచేత అక్కడి మందిరములో అడుగుపెట్టగానే మాకు బంధువుల ఇంటికి వచ్చినట్లనిపించింది.

మంగళవారం ఉదయం మందిరము క్రింది గదిలో స్త్రీలు బొంతలు కుడుతున్నారు. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టినట్లే! 11 అంగుళాల చదరపు ముక్కలు 48 కలిపితే, కుట్లు పోను 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల బొంత అవుతుంది. వాటిని లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థ ద్వారా యుద్ధాలలో, వరదలలో ఇల్లు పోగొట్టుకొన్న వారికి పంపుతారు.

గుడ్డ కోయడానికి కత్తెర వాడరు. చిన్న చక్రంలా దొర్లే గుండ్రని బ్లేడు గల కట్టరు వాడతారు. దీనిని 1979లో జపానులోని ఓల్ఫా కంపెనీ తయారు చేసింది. ఒక్కసారి దొర్లిస్తే నాలుగైదు మడతలు తెగుతాయి. అక్కడ కోత పని చేసే పెద్దమ్మగారికి కీళ్ళ నొప్పులు. కత్తెర పట్టలేరు. ఈ కట్టరు ఉండబట్టే ఆమె పరిచర్య సాగుతోంది.

ఆ రోజు బ్లేడు మధ్య మధ్య దారాలను తెంపక వదిలేస్తోంది. ఆమె బలంగా నొక్కారు. కట్టరు జారి వేలు తెగింది. అందరం కంగారుపడ్డాము. కట్టు కడుతుండగా ఆమె మెల్లగా చెప్పారు: కానుకల డబ్బు బ్లేడ్లకు ఖర్చు చేయడం ఇష్టంలేక నెలల తరబడి అదే బ్లేడు వాడుతున్నారట. ఇదివరకు జోయాన్ దుకాణాలలో తగ్గింపు కూపన్లతో కొనేవారు. 2025 మే నెలాఖరుకు ఆ దుకాణాలన్నీ మూతపడ్డాయి.

అప్పుడు అందరూ కూర్చొని ఆలోచించారు. బ్లేడు ఒక్కొక్కటిగా కొంటే ఖరీదు, పది ఉన్న పెట్టె కొంటే చవక. 45 మిల్లీమీటర్ల బ్లేడ్లు వేరే కంపెనీవైనా చాలా కట్టర్లకు సరిపోతాయి. నడిమి రంధ్రం సరిచూసుకొంటే చాలు. అల్యూమినియం రేకును కోస్తే పదును వస్తుందని కొందరంటారు గాని, అది కొద్దిసేపే. పీచు తుడిచి ఒక్క చుక్క నూనె వేయడం, గుండుసూదుల మీద దొర్లించకపోవడం, కాగితానికి పాత బ్లేడు వేరుగా ఉంచడం మేలు. పారవేసే బ్లేడ్లను మూతగల డబ్బాలో వేయాలి. రెండు కుటుంబాలవారు కలిసి ఒక పెట్టె కొనియిచ్చారు.

ఇనుము మొద్దుబారినప్పుడు పదును పెట్టకపోతే ఎక్కువ బలము కావలసివస్తుందని ప్రసంగి 10వ అధ్యాయములో చదువుతాము గదా! పొదుపు మంచిదే. కాని పనివారి చేతికి గాయమయ్యే పొదుపు దేవునికి మహిమ కాదు.

ఇంటికి వచ్చిన వారమే మన స్త్రీల సమాజము కత్తెరలన్నీ సాన పట్టించాము. మీ సంఘములో దొర్కావలె కుట్టుపని చేసే సహోదరీలున్నారా? వారి పనిముట్లు ఎలా ఉన్నాయో ఈ ఆదివారము అడిగి చూడండి.