193 మెట్లు

"మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆ సంగతి ఇంట్లో దాచకండి." ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన ముప్ఫై అయిదేళ్ళలో నేను రోగులకు ఎన్ని వందలసార్లు ఈ మాట చెప్పానో లెక్క లేదు. 2019 వేసవిలో లండన్ నగరంలో ఆ మాటను నేనే పాటించలేదు. పిల్లల దగ్గరకు విదేశాలకు ప్రయాణమయ్యే నా వయసు వారికి ఉపకరిస్తుందనే ఉద్దేశంతో ఆ అనుభవాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

మా అబ్బాయి నివాసం నగరానికి పడమటి వైపున ఉన్న హౌన్‌స్లోలో. అక్కడి భూగర్భ రైలును అందరూ ట్యూబ్ అంటారు. 1863లో మొదలైన ఆ వ్యవస్థ ప్రపంచంలోనే మొట్టమొదటి భూగర్భ రైల్వే. కొత్తవారికి తికమక మొదటి రెండు రోజులే. ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు ఉండాలి. రైలుకైతే లోపలికి వెళ్ళేటప్పుడూ, బయటకు వచ్చేటప్పుడూ దానిని యంత్రానికి తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. అక్కడి బస్సులలో 2014 నుండి నగదు తీసుకోవడం లేదు. ఎస్కలేటరు మీద కుడివైపున నిలబడి, తొందరలో ఉన్నవారికి ఎడమవైపు వదలాలి. ఇవన్నీ నాకు మా మనుమడు, పదేళ్ళవాడు, ఒక్క పూటలో నేర్పాడు.

అసలు కష్టం మెట్లతో వచ్చింది. స్టేషన్లు పాతవి కావడం వలన మెట్లు ఎక్కకుండా రైలును చేరగలిగినవి అప్పటికి దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే. ఇది తెలిసిన మా అబ్బాయి నా కోసం ఒక నీలిరంగు బ్యాడ్జి తెప్పించి ఉంచాడు. "దయచేసి నాకు సీటు ఇవ్వండి" అని దాని మీద ఇంగ్లీషులో ఉంటుంది. 2017 నుండి అక్కడి రవాణా సంస్థ దీనిని ఉచితంగా ఇస్తున్నది. డాక్టరు సర్టిఫికెట్టు కూడా అడగరు. నాకు అప్పటికే డెబ్బై దాటాయి, ఇరవై ఏళ్ళుగా మధుమేహమూ, రక్తపోటూ ఉన్నాయి. అయినా దానిని చొక్కాకు పెట్టుకోవడానికి నామోషీ అనిపించి జేబులో వేసుకున్నాను.

ఒకనాడు రవాణా మ్యూజియం చూడడానికి అందరమూ కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో దిగాము. 1907 నాటి ఆ స్టేషన్‌లో పైకి పోవడానికి ఎస్కలేటరు లేదు. లిఫ్టులు, లేకపోతే గుండ్రంగా తిరిగే 193 మెట్లు. పదిహేను అంతస్తుల భవనంతో సమానమని అక్కడ హెచ్చరిక పలక కూడా ఉన్నది. లిఫ్టు దగ్గర గుంపు. "తాతయ్యా, మనం మెట్లెక్కుదామా?" అన్నాడు మనుమడు. "ఏమండీ, వద్దండీ" అని మా ఆవిడ అంటూనే ఉన్నది.

వాడు మెట్లు లెక్కపెడుతూ ముందు నడిచాడు. తొంభై దాటేసరికి నా రొమ్ము మధ్యన ఎవరో గట్టిగా అదిమినట్లయింది. ఆ పట్టు ఎడమ దవడ వరకు పాకింది. అదేమిటో నాకు తెలియకపోవడమా! "ఎందుకు ఆగావు తాతయ్యా?" అంటే "బూటు లేసు ఊడిందిరా" అని వంగి కూర్చున్నాను. నాలుగైదు నిమిషాలకు నొప్పి తగ్గింది. మిగిలిన మెట్లు కూడా ఎక్కాను, ఎవరికీ చెప్పలేదు. మ్యూజియం అంతా తిరిగాను.

రాత్రి భోజనాల దగ్గర మనుమడు హఠాత్తుగా అడిగాడు: "తాతయ్యా, నీ బూట్లకు లేసులే లేవు కదా?"

మా ఆవిడ నా ముఖం చూసింది, అబ్బాయి చెయ్యి కడుక్కుని లేచాడు. అరగంటలో ఆస్పత్రిలో ఉన్నాము. ఇ.సి.జి., రక్తపరీక్షలు చేసి గుండెపోటు రాలేదని చెప్పి, మందులు ఇచ్చారు. స్వదేశానికి వచ్చాక యాంజియోగ్రాం తీస్తే ఒక ముఖ్యమైన రక్తనాళం బాగా పూడుకుని ఉన్నది. స్టెంటు వేశారు. కొత్తగా మొదలైన అటువంటి నొప్పి, విశ్రాంతితో తగ్గినా సరే, అదే రోజు పరీక్ష చేయించుకోవలసినది. ఆ రాత్రి నన్ను ఆస్పత్రికి చేర్చింది నా చదువు కాదు, ఒక పిల్లవాని ప్రశ్న.

లండన్‌లో మిగిలిన రోజులు ఇంటి దగ్గరే, బస్సులో కొద్ది దూరాలు తిరిగాను. అక్కడి బస్సులలో నేల కిందికే ఉంటుంది, మెట్టు బాధ లేదు. బ్యాడ్జి చొక్కాకు పెట్టుకున్నాను. మొదటి రోజే ఒక యువతి మారుమాట లేకుండా లేచి సీటు ఇచ్చింది. సిగ్గుపడవలసినంత పెద్ద సంగతి అందులో ఏమీ కనపడలేదు.

మీరు ఏ మహానగరానికి వెళ్ళినా కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. బయలుదేరే ముందే ఏ స్టేషన్‌లో లిఫ్టు ఉన్నదో పిల్లలను అడగండి. ఉదయం ఆఫీసుల రద్దీ తగ్గాకనే కదలండి. దారిలో మూత్రవిసర్జనకు ఇబ్బంది అవుతుందని నీళ్ళు తాగడం, మాత్రలు వేసుకోవడం మానకండి; మాత్రల వేళ మార్చుకోవచ్చునేమో మీ డాక్టరుతో ముందుగా మాట్లాడండి. మందుల చీటీ, మధుమేహం ఉంటే నాలుగు బిస్కెట్లు జేబులో ఉంచుకోండి. ఛాతీలో పట్టేసినట్లుంటే ఆగి, పక్కవారికి చెప్పండి. దారి తప్పితే ఎవరో ఒకరు చూపిస్తారు. నొప్పి దాచితే మాత్రం ఎవరికీ తెలియదు.