గాలి కన్నానికి కుక్కిన కంబళి

జనవరి 9, లేహ్

పొద్దుట్నుంచీ నేను డిజైన్ చేస్తున్న కొత్త సైనిక బ్యారక్‌కి వేడిగాలి బ్లోయర్ల కొటేషన్లతోనే సరిపోయింది. కంపెనీలు ఇచ్చిన అంకెలన్నీ సముద్రమట్టం లెక్కన వేసినవే. ఇక్కడి ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఫ్యాను తోసే గాలి ఘనపరిమాణం మారదు, బరువు మాత్రం మూడో వంతు తగ్గిపోతుంది. వేడిని మోసేది ఆ బరువే. సవరించకుండా కొంటే చివరి మంచం దాకా వెచ్చదనం చేరదు. పలచటి గాలికి మోటారు కూడా సరిగ్గా చల్లబడదు. అన్నీ తిప్పి పంపాను.

జనవరి 11

పాత బ్యారక్ ఒకటి చూసి వచ్చాను. ఎక్కడిదో రాయకూడదు. పన్నెండు మంచాలు, నడుమ గది వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి, బుఖారీ. గోడకు పైన వెంటిలేటరు ఉంది. అందులో కంబళి మడిచి కుక్కి, బూటు తాడుతో బిగించి కట్టారు. బయటివైపు అంచున ఊపిరి తేమ గడ్డకట్టి తెల్లగా పేరుకుంది. బుఖారీ గొట్టం అతుకు దగ్గర మసి చార.

వెంటిలేటరు కింది మంచం ఒక శ్రీకాకుళం కుర్రాడిది. తెలుగు వినగానే మొహం వెలిగింది. ఎందుకు మూశావని అడిగితే, "తెరిస్తే మొహం మీద చాకు పెట్టినట్టు ఉంటాది సార్. రాత్రి ఎవడు పడుకుంటాడు?" అన్నాడు.

అతనిది తప్పని నేననలేను. మైనస్ ఇరవైలో ఎవరైనా అదే చేస్తారు.

జనవరి 12

నిద్ర పట్టలేదు. బుఖారీ గదిలో గాలినే తిని మండుతుంది. ఇక్కడ ఆక్సిజన్ అసలే తక్కువ, పైగా కన్నం మూసేశారు. మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన ఉండదు, మనిషి నిద్రలోంచే లేవడు. ఈ ప్రమాదం తగ్గించడానికే డీఆర్డీవో వాళ్ళు హిమ్ తాపక్ అనే హీటరు తయారుచేశారు, మంచి పని. కొత్త బ్యారక్‌లో మాత్రం మంటే గదిలో ఉండకూడదని నా పట్టుదల. బాయిలరు వేరే గదిలో, మనుషుల గదిలోకి గ్లైకాల్ కలిపిన వేడినీళ్ళ పైపులు. ఇక్కడ నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి 70 దాటనివ్వను.

జనవరి 15

మనిషికి సెకనుకు 8 లీటర్ల తాజా గాలి. పన్నెండు మందికి ఆ గాలిని మైనస్ 20 నుంచి 18 డిగ్రీలకు తేవాలంటే సుమారు 3.3 కిలోవాట్లు. సముద్రమట్టంలో అయితే 5 దాటేది. పలచటి గాలి చేసే మేలు ఇదొక్కటే! తాజా గాలి కన్నం రేడియేటరు వెనక పెడతాను. చలిగాలి వేడి రెక్కల మీదుగా వెచ్చబడి లోపలికి రావాలి. అప్పుడు దాన్ని మూయాలని ఎవరికీ అనిపించదు. హెచ్చరిక బోర్డు రాసి తగిలించడం డిజైన్ కాదు.

జనవరి 18

సమీక్షలో ఒక పెద్దాయన, గది వెచ్చగా ఉంటే చాలదా, ఆ 3.3 కిలోవాట్ల ఇంధనం దండగ కదా అన్నారు. లేహ్‌కు ఇంధనం మోయడం ఎంత కష్టమో నాకూ తెలుసు. ఆ ఖర్చు గోడలకు ఇన్సులేషను పెంచి, దక్షిణానికి అద్దాలు పెట్టి రాబడదాం, ఊపిరి దగ్గర వద్దన్నాను. తాజా గాలి కన్నం, మోనాక్సైడ్ అలారం లేని డ్రాయింగు మీద సంతకం పెట్టనని మినిట్స్‌లో రాయించాను.

చలి తగ్గేదాకా కాంక్రీటు పని ఎలాగూ సాగదు. ఈలోపు పాత బ్యారక్‌లో ఒక కరెంటు రేడియేటరు పెట్టి, వెనక కన్నం కొట్టి చూద్దామని అడిగితే ఒప్పుకున్నారు. ఆ శ్రీకాకుళం కుర్రాడి మంచం పక్కనే పెట్టమని జూనియర్ ఇంజనీరుకి చెప్పాను.