గాలికి ఒదిగిన రెక్క

గాలి కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. అయినా కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతుకూ, తెరచాప ఎత్తే నావికునికీ దాని బలమెంతటిదో తెలుసు. ఆ బలంతో తిరగలి రాయిని తిప్పించుకోవడం మానవుడు శతాబ్దాల క్రితమే నేర్చాడు. దానిని విద్యుత్తుగా మలచుకోవడానికి మాత్రం గాలిమర రెక్క రూపాన్నే మార్చవలసివచ్చింది. ఆ మార్పు వెనుక విజయాలతో పాటు పరాజయాలూ ఉన్నాయి.

డెన్మార్క్ దేశంలోని ఆస్కోవ్ అనే పల్లెలో పౌల్ లా కూర్ ఉపాధ్యాయుడుగా ఉండేవాడు. నగరాలకు దక్కిన విద్యుత్తు వెలుగు పల్లెలకూ దక్కాలని ఆయన తపన. 1891లో తాను పనిచేసే విద్యాలయం వద్ద విద్యుత్తు నిచ్చే గాలిమరను నెలకొల్పాడు. రెక్కలు ఎన్ని ఎక్కువైతే అంత మేలని తోచడం సహజం. లా కూర్ ఊహతో తృప్తి చెందలేదు. గొట్టంలో గాలిని పంపి, రెక్కల నమూనాలను అందులో నిలిపి పరీక్షించాడు. కొద్ది రెక్కలతో వేగంగా తిరిగే మరయే మేలని తేల్చాడు. ఒక రెక్క చెదరగొట్టిన గాలిలోనికి మరొక రెక్క వెంటనే వచ్చి పడితే దానికి దక్కేది తక్కువ.

గాలి తోయడం వల్లనే రెక్క తిరుగుతుందని చూపరులు భావిస్తారు. నిజానికి ఆధునిక గాలిమర రెక్క ఎగిరే పక్షి రెక్కకు చుట్టం. దాని ఒక పక్క ఉబ్బెత్తుగా ఉంటుంది. గాలి ఇరుపక్కలా సాగేటప్పుడు పీడనంలో భేదం ఏర్పడి రెక్కను ముందుకు లాగుతుంది. మొదలు కంటె కొన ఎంతో వేగంగా తిరుగుతుంది. అందువల్ల రెక్కను మొదట వెడల్పుగా, ఏటవాలుగా మలచి, కొనకు పోయేకొద్దీ సన్నగా మెలితిప్పుతారు. ఎంత నేర్పుగా మలచినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి గ్రహించలేమని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ గణితంతో నిరూపించాడు. శక్తినంతా లాగివేస్తే గాలి అక్కడే ఆగిపోతుంది. వెనుక వచ్చే గాలికి దారి ఉండదు. కొంత విడిచిపెట్టినవానికే కొంత దక్కుతుందన్నది ప్రకృతి నియమం.

ఈ నియమాలన్నీ తెలిసినా రెక్క నిలవడం సులభం కాలేదు. అమెరికాలోని వెర్మాంట్ కొండపై 1941లో పామర్ పట్నం అనే ఇంజనీరు 1,250 కిలోవాట్ల మహాయంత్రాన్ని నిలిపాడు. అంతటి గాలిమర లోకంలో అదే మొదటిది. దానికి ఉక్కు రెక్కలు రెండు. ఒక్కొక్కటి టన్నుల బరువు. రెక్క మొదట్లో బలహీనత ఉన్నదని తెలిసినా యుద్ధకాలపు కొరత వల్ల దానిని మార్చలేకపోయారు. 1945 మార్చిలో ఒక రాత్రి ఒక రెక్క విరిగి వందల అడుగుల దూరంలో పడింది. ఆ ప్రయత్నం అంతటితో ముగిసింది.

1904లో లా కూర్ వద్ద పాఠాలు విన్న యువకులలో యొహానెస్ యూల్ ఒకడు. ఆయన అరవై ఏళ్ల ప్రాయంలో, గురువు చూపిన బాటలో మళ్లీ అడుగుపెట్టాడు. మొదట చిన్న మరలను నిర్మించి, వాటి లోపాలను గమనించి, 1957లో గెడ్సర్ వద్ద 200 కిలోవాట్ల గాలిమరను నిలిపాడు. దానికి మూడు రెక్కలు. గాలి మితిమీరితే రెక్క ఆకారమే అదనపు శక్తిని అందుకోకుండా వదిలివేసేది. వేగం హద్దు దాటితే రెక్కల కొనలు అడ్డంగా తిరిగి దానిని అణచేవి. ఆ మర దాదాపు పదేళ్లు నమ్మకంగా పనిచేసింది. చౌక చమురు ముందు నిలవలేక 1967లో ఆగిపోయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చిన తరువాత లోకానికి అది గుర్తుకువచ్చింది. అమెరికా కోరికపై 1977లో దానిని మళ్లీ తిప్పి కొలతలు తీసుకొన్నారు. మహాయంత్రాన్ని పోగొట్టుకొన్న దేశం చిన్న యంత్రం వద్ద పాఠం నేర్చుకొన్నది.

ఉక్కు స్థానాన్ని క్రమంగా ఫైబర్ గ్లాస్ ఆక్రమించింది. డెన్మార్క్‌లోని ట్విండ్ పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి తమ చేతులతోనే అటువంటి రెక్కలు తయారుచేసి 1978లో పెద్ద గాలిమరను తిప్పారు. తేలికదనం, వంగే గుణం ఆ పదార్థపు బలాలు. పెనుగాలికి ఉక్కు అలసి చిట్లిన చోట ఇది ఒదిగి నిలుస్తుంది. 1990లలో అనంతపురం సీమలోని రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. 2019లో ఫ్రాన్స్‌లో ఒకే రెక్కను 107 మీటర్ల పొడవున తయారుచేశారు.

అయితే ప్రతి విజయం ఒక బాధ్యతను వెంట తెస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు, వానకు చెడకుండా రెక్కను కాపాడిన గట్టిదనమే, దాని ఆయువు తీరిన తరువాత సమస్య అయింది. గాజునారను బంధించిన జిగురు ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అందుచేత పాత రెక్కలు కొన్నిచోట్ల ముక్కలై మట్టిలో పూడ్చబడ్డాయి. స్వచ్ఛమైన వెలుగునిచ్చిన రెక్క భూమికి భారం కావడం ఎంత విచారకరం! ఆమ్లంలో విడిపోయే కొత్త జిగురుతో చేసిన రెక్కలు 2022లో జర్మనీ తీర సముద్రంలో నిలిచాయి. ఇది ఆరంభం మాత్రమే.

లా కూర్ కొలిచి చూశాడు. యూల్ ఓర్పుతో నిర్మించాడు. ఎంత పెద్దది కట్టగలమన్న ప్రశ్నకు వారి తరువాతి తరాలు సమాధానం చెప్పాయి. కట్టినదానిని భూమికి బరువు కాకుండా ఎలా సాగనంపాలన్న ప్రశ్న రేపటి యువతరం కోసం వేచివున్నది.