మంచిర్యాలలో పచ్చీసు

కాజీపేట నుండి ఉత్తరముగా పోవు బండిలో రామగుండము దాటిన పిమ్మట గోదావరీ దర్శనమగును. వంతెన దాటినంతనే మంచిర్యాల. 1929లో పూర్తియైన కాజీపేట–బల్లార్షా ఇనుపదారిపై నున్న ఈ పట్టణము 2016లో జిల్లాకేంద్రమైనది. దక్షిణమున గోదావరి, మరియొక ప్రక్క శ్రీరాంపూరు, మందమర్రి బొగ్గుగనులు. బొగ్గు నింపిన బండ్ల చప్పుడు రాత్రులందును వినబడుచుండును.

మొన్నటి శివరాత్రికి మా వదినెగారి యింటికి పోయితిమి. వేకువనే గోదావరిలో మునిగి, కామక్రోధములను కడిగివేయుమని ఆ తల్లికి మ్రొక్కితిని. ఆ మ్రొక్కు ఒక దినమైనను నిలువలేదు.

రాత్రి జాగరణమునకై వదినెగారు పచ్చీసు గుడ్డ పరచిరి. నా కాయలు మూడు పండినవి. నాల్గవది నడిమి దారి చేరుటకు రెండు గళ్ల దూరమున నుండగా వదినెగారి పందెము పడి అది చచ్చినది. అందరును నవ్విరి. గవ్వలు సరిగా వేయలేదని వాదించి, తుదకు గుడ్డనే లాగివైచితిని. వదినెగారు మారుమాటాడక చెదరిన కాయల నేరుకొనిరి.

మరునాడు మా యెనిమిదేండ్ల బిడ్డ అచ్చనగాయలలో ఓడి రాళ్లు విసరికొట్టెను. ఒకటి వదినెగారి మనుమరాలి నొసట తగిలి నెత్తురు వచ్చినది. "ఎవరు నేర్పినారే నీకిది?" అని గద్దించితిని. "రాత్రి నీవును విసిరితివి గదా, అమ్మా" అనెను. నాకు నోట మాట రాలేదు.

వదినెగారి భర్త, గనిలో పనిచేసి విశ్రాంతి గొన్నవారు, నా మొగము చూచి ఇట్లనిరి: "అమ్మా, గోల్ఫని యొక ఆట గలదు. చిన్నబంతిని కర్రతో కొట్టి పదునెనిమిది గుంటలలో వరుసగా వేయవలెను. బంతి కదలక పడియుండును. ఎదిరి దానిని తాకడు. తప్పెల్ల ఆడువానిదే. అయినను కోపముతో కర్రలు విసరువారు కలరు. 1921లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూసులో బాబీ జోన్సను పందొమ్మిదేండ్ల అమెరికా యువకుడు, ఇసుకగుంటనుండి బంతిని వెడలింపలేక విసిగి పోటీ వదలుకొనెను. పిమ్మట అందుకు సిగ్గుపడి కోపము నణచుకొనెను. 1927లో ఆ మైదానముననే గెలిచెను. 1958లో ఆ యూరివారే అతనికి గౌరవ పౌరసత్వమిచ్చిరి."

నాకు నలుడు జ్ఞప్తికి వచ్చెను. జూదమున సర్వము పోగొట్టుకొని, ఋతుపర్ణుని వలన అక్షహృదయము నేర్చి, పుష్కరుని గెలిచియు కోపింపక అతని సొత్తు అతనికిచ్చి పంపినవాడు గదా! గెలిచినవానికే కోపము తగదన్నచో ఓడినదానికి నాకేల? గోల్ఫులో తప్పు ఆడువానిది. పచ్చీసులో గవ్వల పాటు ఎవరి తప్పును గాదు. ఏ ఆటలోను వదినెగారి తప్పు లేదు.

సోదరీమణులారా, నేను కనుగొన్న ఉపాయ మొక్కటియే. కాయ చచ్చినపుడు వాదమునకు దిగక, గవ్వలను ప్రక్కవారి చేతికిచ్చి, మన కాయను మనమే తీసి మొదట పెట్టుకొనవలెను. చేతికి పని దొరకిన యెడల నోరు కొంత తగ్గును.

ఆ సాయంకాలము గుడ్డ పరపింపుడని నేనే వదినెగారిని వేడితిని. మరల నా కాయ చచ్చెను. మా బిడ్డ ఆట చూడక నా మొగమే చూచుచుండెను. కాయను తీసి మొదట పెట్టితిని. ఓడితిని. వదినెగారు మరునాడు సకినాలు మూటగట్టి యిచ్చి మమ్ము బండి యెక్కించిరి.